డెన్మార్క్‌ని చదవాలంటే కొవ్వొత్తుల పుస్తకాలు కాస్త పక్కన పెట్టండి

తెలుగు పత్రికల్లో సంపాదకీయాలు రాసేవాళ్ళకి ‘దేవతా వస్త్రాలు’ అనే మాట లేకపోతే రోజు గడవదు. లేని అభివృద్ధిని ఉన్నట్టు చూపించే ప్రభుత్వం మీదా, దాన్ని చూసి చప్పట్లు కొట్టే అధికారుల మీదా ఆ మాట ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. విని విని అది మన పాత కథే అయిపోయింది కానీ, దాన్ని 1837లో కోపెన్‌హాగెన్‌లో అచ్చు వేయించినవాడు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్. ఆయనకీ అది పూర్తిగా సొంతం కాదు, మధ్యయుగాల నాటి స్పానిష్ కథ ఒకటి జర్మన్ అనువాదంలో దొరికితే తీసుకుని మార్చుకున్నాడు. ఆ మార్పు చూడండి. స్పానిష్ కథలో ఆ బట్ట ఎవరికి కనపడదంటే, తండ్రి అనుకుంటున్నవాడికి నిజంగా పుట్టనివాళ్ళకి. ఆండర్సన్ కథలో, చేస్తున్న ఉద్యోగానికి పనికిరానివాళ్ళకి, బొత్తిగా తెలివిలేనివాళ్ళకి. పుట్టుక గురించిన భయం తీసేసి అర్హత గురించిన భయం పెట్టాడు. ఒడెన్సెలో చెప్పులు కుట్టే తండ్రికీ బట్టలు ఉతికే తల్లికీ పుట్టి, పద్నాలుగేళ్ళకే ఒంటరిగా రాజధానికి వెళ్ళి, చివరికి రాజుల ఇళ్ళలో భోజనాలకి కూర్చున్న మనిషికి ఆ రెండో భయం ఎలాంటిదో బాగానే తెలుసు.

ఇంతకీ డెన్మార్క్ గురించి ఏం చదవాలి అని వెతికితే ఇవాళ ముందు తగిలేది ఇదేమీ కాదు, హ్యూగె, అంటే వెచ్చగా, హాయిగా గడపడం అనే డేనిష్ మాట. కోపెన్‌హాగెన్‌లో ఆనందం మీద పరిశోధన చేసే సంస్థ నడుపుతున్న మైక్ వైకింగ్ 2016లో రాసిన ‘ది లిటిల్ బుక్ ఆఫ్ హ్యూగె’ ప్రపంచమంతా అమ్ముడైంది. కొవ్వొత్తులు, ఉన్ని సాక్సులు, దాల్చినచెక్క రొట్టెలు, కిటికీ పక్కన దుప్పటి. దానికి ఒక ఏడాది ముందు హెలెన్ రస్సెల్ అనే ఇంగ్లీషు జర్నలిస్టు, భర్తకి లెగో కంపెనీలో ఉద్యోగం వస్తే డెన్మార్క్‌లోని యూట్లాండ్ ద్వీపకల్పానికి వెళ్ళి ‘ది ఇయర్ ఆఫ్ లివింగ్ డేనిష్‌లీ’ రాసింది. రెండూ చెడ్డ పుస్తకాలేం కాదు, రైల్లో వెళ్తూ చదువుకోవచ్చు. కొంచెం వెటకారం కావాలంటే మైకేల్ బూత్ 2014లో నార్డిక్ దేశాలన్నిటి మీదా రాసిన పుస్తకం ఇంకా బాగుంటుంది. కానీ ఈ మూడూ బయటివాళ్ళకి చూపించే ముందు గది మాత్రమే. డేనిష్ రచయితలు మూడొందల ఏళ్ళుగా రాస్తున్న దేశం వేరు. అందులో ఎవడో ఒకడు కింద నుంచి పైకి రావాలని చూస్తుంటాడు, చుట్టుపక్కలవాళ్ళు ‘నువ్వెంత, నీ బతుకెంత’ అంటుంటారు. ఈ ఒక్క తగువుని పట్టుకుంటే డేనిష్ సాహిత్యంలో ఏది ముందు చదవాలో, ఏది తర్వాత పెట్టుకోవచ్చో దానంతట అదే తేలిపోతుంది.

ఆ తగువుకి పేరు పెట్టినవాడు ఆక్సెల్ సాండెమోసె. డెన్మార్క్‌లో మోర్స్ దీవిలోని న్యూకోబింగ్‌లో పుట్టాడు, 1930లో తల్లి దేశమైన నార్వే వెళ్ళిపోయాడు, 1933లో నార్వే భాషలోనే ఒక నవల రాశాడు. తన ఊరికి యాంటె అని మారుపేరు పెట్టి, ఆ ఊళ్ళో ఎవరూ పైకి చెప్పకుండా అందరూ పాటించే పది ఆజ్ఞల్ని వరసగా రాసిపెట్టాడు. నువ్వేదో గొప్పవాడివని అనుకోకు, మాకంటే తెలివైనవాడివని అనుకోకు, మాకేమైనా నేర్పగలవని అనుకోకు, ఇలా సాగుతాయి. ఇవాళ ‘యాంటె చట్టం’ అంటే స్కాండినేవియాలో తెలియనివాళ్ళుండరు, నవల చదివినవాళ్ళు మాత్రం తక్కువే. నవల బరువైనది, ఒక హత్య చుట్టూ తిరిగే జ్ఞాపకాల ముద్ద, దాంతో మొదలుపెట్టాల్సిన పని లేదు. ఆ పది వాక్యాలు బుర్రలో పెట్టుకుని మిగతా పుస్తకాల్లోకి వెళ్తే చాలు.

వెళ్ళాల్సిన మొదటి చోటు లుడ్విగ్ హోల్బర్గ్ నాటకం ‘ఎరాస్ముస్ మోంటానుస్’. హోల్బర్గ్ 1684లో నార్వేలోని బెర్గెన్‌లో పుట్టాడు, అప్పట్లో నార్వే డేనిష్ రాజు కిందే ఉండేది. 1722లో కోపెన్‌హాగెన్‌లో డేనిష్ భాషలో ఆడే నాటకశాల మొదలైనప్పుడు దానికి నాటకాలు కావాలి, ఈ ప్రొఫెసరుగారు ఒకదాని తర్వాత ఒకటి రాసి పడేశాడు. ఈ నాటకం అచ్చయింది 1731లో. రాస్ముస్ బెర్గ్ అనే రైతు కొడుకు పట్నంలో చదువుకుని, పేరు లాటిన్‌లోకి మార్చుకుని ఊరికి వస్తాడు. వాళ్ళమ్మ నిల్లెకి కొడుకు లాటిన్ వింటే ఆనందం. రాయి ఎగరలేదు, అమ్మ ఎగరలేదు, కాబట్టి అమ్మ రాయి అని వాడు తర్కంతో నిరూపిస్తే ఆవిడ ఏడుపు మొదలుపెడుతుంది, అప్పుడు మళ్ళీ తర్కంతోనే ఆవిణ్ణి రాయి కాకుండా చేస్తాడు. కొడుకు చేత నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడించుకుని మురిసిపోయిన గురజాడ వెంకమ్మ మనకి తెలుసు కాబట్టి నిల్లె కొత్త మనిషిలా అనిపించదు. ఇంతవరకూ నవ్వే. అయితే ఈ పనికిమాలిన తర్కం మధ్యలో వాడు ఒక నిజం కూడా అంటాడు, భూమి గుండ్రంగా ఉందని. ఊరంతా తిరగబడేది దాని మీదే. కాబోయే మామగారు పిల్లనివ్వనంటాడు, ఒక సైనికాధికారి వాడి చేతిలో నాణెం పెట్టి సైన్యంలో చేరిపోయావని లెక్క కట్టి చావగొడతాడు, చివరికి వాడు భూమి అట్టులా చదునుగా ఉందని ఒప్పుకుంటే తప్ప వదలరు. హోల్బర్గ్ ఎవరి పక్షం? చదువుకున్న మూర్ఖుణ్ణి వెక్కిరిస్తున్నాడా, చదువులేని ఊరినా? రెండు రకాలుగానూ వాదించారు, ఇంకా వాదిస్తున్నారు. నాటకం ఒక్క సాయంత్రంలో చదివేయొచ్చు, పాత ఇంగ్లీషు అనువాదాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

ఆండర్సన్ దగ్గరికి వస్తే, అందరూ చిన్నప్పుడే చదివేశామనుకుంటారు, అదే చిక్కు. చదివింది చాలావరకు పిల్లల కోసం కత్తిరించి, తీపి పూసిన కథలు. దేవతా వస్త్రాల కథ సాధారణంగా పిల్లాడి కేకతో అయిపోయినట్టు చెప్పుకుంటాం. మూలంలో అక్కడితో ఆగదు, ఊరంతా ఆ మాట అందుకున్నాక రాజుకి ఒళ్ళు జలదరిస్తుంది, అయినా ఊరేగింపు పూర్తి చేయాల్సిందే అనుకుని ఇంకా నిటారుగా నడుస్తాడు, సేవకులు లేని కుచ్చెళ్ళని ఇంకా జాగ్రత్తగా ఎత్తి పట్టుకుంటారు. అన్నట్టు ఆ పిల్లాడు మొదట కథలో లేడు, ప్రూఫుల దశలో ఆండర్సన్ చేర్చాడు. 1837లోనే వచ్చిన చిన్న జలకన్య కథలో ఆమె నాలుక కోయించుకుంటుంది, వేసే ప్రతి అడుగూ కత్తుల మీద నడిచినట్టుంటుంది, రాజకుమారుడు వేరే అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాడు. డిస్నీ 1989లో ఇదంతా తుడిచి పెళ్ళితో ముగించింది. పై అంతస్తుకి వెళ్ళాలంటే గొంతు వదులుకోవాలి అనే మాట అంత ఘాటుగా చెప్పిన కథకి పెళ్ళి పందిరి వేయడం అన్యాయమే. 1843 నాటి వికారపు బాతుపిల్ల కథ కూడా ఇదే తగువు, కాకపోతే గెలుపు వైపు నుంచి; బాతుల పెరట్లో తన్నులు తిన్నవాడు హంసగా తేలతాడు. దాన్ని బట్టి ఆండర్సన్‌ని ఆశావాది అనుకునేవాళ్ళు 1847లో రాసిన ‘నీడ’ చదవాలి. చల్లటి దేశపు పండితుడు వేడి దేశానికి వెళ్తాడు, అక్కడ ఆయన నీడ విడిపోయి, డబ్బు సంపాదించి, మనిషిగా తిరిగొచ్చి, పండితుణ్ణే తనకి నీడగా ఉండమంటుంది, చివరికి ఆయన్ని చంపించి రాకుమారిని పెళ్ళాడుతుంది. పిల్లల కథ కాదు. పెద్దవాళ్ళకి కూడా రాత్రిపూట చదవడం అంత మంచిది కాదు.

ఏ అనువాదం అనేది ఇక్కడ నిజంగా ముఖ్యం. ఆండర్సన్ పుస్తకభాషని పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు రాశాడు, అప్పటి విమర్శకులకి అది నచ్చలేదు కూడా. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు అనువాదాలు చాలావరకు జర్మన్ నుంచి చేసినవి, ఆ నోటి మాట అందులో చచ్చిపోయింది. టీనా నన్నలీ అనువాదం పెంగ్విన్ 2004లో వేసింది, ఎంపిక చేసిన కథలు కావాలంటే అదే తీసుకోండి. మొత్తం కథలు కావాలంటే ఎరిక్ హౌగార్డ్ 1974లో చేసిన సంపుటం ఉంది. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే, డెన్మార్క్‌లో పుట్టి హాలీవుడ్‌లో నటుడైన జాన్ హెర్షోల్ట్ చేసిన అనువాదాలు దక్షిణ డెన్మార్క్ విశ్వవిద్యాలయం వారి ఆండర్సన్ కేంద్రం వెబ్‌సైట్లో ఉచితంగా ఉన్నాయి, అవీ చక్కగానే ఉంటాయి.

ఆండర్సన్ పేరు ఎత్తినప్పుడు తత్త్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్‌ని తేవడానికి ఒక కారణం ఉంది, ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారని మాత్రమే కాదు. కీర్కెగార్డ్ మొదటి పుస్తకం, 1838లో వచ్చింది, ఆండర్సన్ నవల ఒకదాని మీద దాడి. ఆ నవలలో ప్రతిభ ఉన్న పేద ఫిడేలు వాయిద్యకారుడు ఆదరించేవాళ్ళు లేక నాశనమైపోతాడు. అలా నాశనమయ్యేది ప్రతిభే కాదు, నిజమైన ప్రతిభ గాలికి ఆరిపోయే దీపం కాదు, గాలి వీస్తే ఇంకా మండే మంట అంటాడు కీర్కెగార్డ్. ఉన్నివ్యాపారంలో బాగా సంపాదించిన తండ్రి ఆస్తితో బతికినవాడు ఆ మాట సులువుగానే అనగలడు. అయినా ప్రశ్న మంచిది. కీర్కెగార్డ్‌లో ఎక్కడ మొదలుపెట్టాలంటే, 1843లో వచ్చిన ‘ఆయిదర్ ఆర్’ మొదటి భాగం ప్రారంభంలో ఉన్న చిన్న చిన్న రాతలు, తర్వాత అదే ఏడాది వచ్చిన ‘ఫియర్ అండ్ ట్రెంబ్లింగ్’. ఒకటి విక్టర్ ఎరెమిటా పేరుతో, రెండోది యోహానెస్ దె సిలెన్షియో పేరుతో వచ్చాయి, అందుకని ఏ మాట ఆయనదో ఏది పాత్రదో చూసుకుంటూ చదవాలి. ముందు మనిషి తెలియాలనుకుంటే క్లేర్ కార్లైల్ 2019లో రాసిన జీవిత చరిత్ర చదివించేస్తుంది. ఇంకో విషయం, 1841లో ఆయన తన సిద్ధాంత గ్రంథాన్ని లాటిన్‌లో కాకుండా డేనిష్‌లో రాయడానికి రాజుగారి అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది, వాదన మాత్రం లాటిన్‌లోనే చేయాల్సి వచ్చింది. హోల్బర్గ్ వెక్కిరించిన లాటిన్ వందేళ్ళ తర్వాత కూడా అక్కడే కూర్చుని ఉందన్నమాట.

1864లో ప్రష్యా, ఆస్ట్రియాల చేతిలో ఓడిపోయి డెన్మార్క్ శ్లెస్విగ్, హోల్‌స్టైన్‌లని పోగొట్టుకుంది, రాజ్యంలో మూడో వంతుకు పైగా నేల పోయింది. ఆ చిన్నబోయిన దేశంలో 1871 నవంబరులో గెయోర్గ్ బ్రాండెస్ అనే యువ విమర్శకుడు కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలు మొదలుపెట్టి, సమస్యల్ని చర్చకి పెట్టని సాహిత్యం బతికున్నట్టు కాదన్నాడు. ఆ మాట విన్న తరం డేనిష్ నవలని తిరగరాసింది. వాళ్ళలో యె.పి. యాకోబ్‌సెన్ వృక్షశాస్త్రవేత్త, డార్విన్‌ని డేనిష్‌లోకి తెచ్చినవాడు, ఆయన 1880 నవల ‘నీల్స్ లూనె’ని కవి రిల్కె తనకి ఉత్తరాలు రాసే కుర్రాడికి చదవమని చెప్పాడు. హెర్మన్ బాంగ్ 1886లో రాసిన ‘కటింకా’ ఒక చిన్న రైల్వే స్టేషన్ మాస్టరు భార్య కథ, ఏమీ జరగనట్టే ఉంటుంది, నూటయాభై పేజీల చిల్లర మల్లర మాటల మధ్యలో ఒక మనిషి ప్రాణం పోతుంది.

కానీ ఈ తరంలో ఒక్క పుస్తకమే చదవగలిగితే హెన్రిక్ పోంటోపిడన్ ‘లక్కీ పెర్’ చదవండి. 1898 నుంచి 1904 దాకా ఎనిమిది భాగాలుగా వచ్చింది. పెర్ సిడెనియుస్ యూట్లాండ్‌లో ఒక కఠినమైన పాస్టరు కొడుకు. దేవుడి పేరుతో నోరెత్తనివ్వని ఇల్లు వదిలి, ఇంజనీరింగ్ చదవడానికి రాజధానికి వస్తాడు, దేశం మొత్తం కాలవలు తవ్వి, రేవులు కట్టి, గాలితోనూ అలలతోనూ శక్తి పుట్టించాలని ఒక మహా పథకం గీస్తాడు. ఇవాళ గాలిమరల కరెంటుకి పేరుపడ్డ దేశంలో నూటపాతికేళ్ళ క్రితం నవలలో ఆ మాట కనిపిస్తే చిన్న ఆశ్చర్యం కలుగుతుంది. ధనవంతులైన యూదుల కుటుంబంలోని యాకోబె సాలొమోన్‌తో పెళ్ళి నిశ్చయమవుతుంది, డబ్బు, పలుకుబడి, పేరు అన్నీ చేతికి అందే దూరంలో ఉంటాయి. అక్కడి నుంచి వాడే ఒక్కొక్కటీ వదిలేసుకుంటూ వస్తాడు. ఎవరూ తోసేయరు. ఊరిని తప్పించుకున్నాడు గానీ ఊరు వాడి లోపలే ఉంది. చివరికి పడమటి తీరంలో రోడ్ల తనిఖీ ఉద్యోగిగా ఒంటరిగా బతుకుతాడు. అది ఓటమా, శాంతా అనేది నవల తేల్చదు, చదివిన ఇద్దరు ఒకే మాట చెప్పరు. వదిలేయబడిన యాకోబె పేద పిల్లల కోసం బడి పెడుతుంది, నిజం చెప్పాలంటే పుస్తకంలో అందరికంటే పెద్ద మనిషి ఆమే. జర్మన్ నవలాకారుడు థామస్ మాన్ మెచ్చుకున్న ఈ నవల, హంగరీ విమర్శకుడు లూకాచ్ తన నవలా సిద్ధాంతంలో చర్చించిన ఈ నవల, ఇంగ్లీషులోకి మొదటిసారి వచ్చింది 2010లో, నయోమి లెబోవిట్జ్ చేతుల మీదుగా. నోబెల్ పొందిన రచయిత ప్రధాన నవలకి ఇంగ్లీషు వాళ్ళు శతాబ్దం తీసుకున్నారు. బిల్లె ఆగస్ట్ 2018లో తీసిన సినిమా ఉంది, అది చూసి పుస్తకం చదివినట్టే అనుకోకండి.

మార్టిన్ ఆండర్సన్ నెక్సో రాసిన ‘పెల్లె ది కాంకరర్’ 1906 నుంచి 1910 దాకా నాలుగు భాగాలు. స్వీడన్ నుంచి బోర్న్‌హోల్మ్ దీవికి కూలికి వచ్చిన ముసలి తండ్రి, చిన్న కొడుకు. మొదటి భాగం అద్భుతం, తర్వాతి భాగాల్లో కార్మికోద్యమం పెరుగుతుంది, మనుషులు తగ్గుతారు. యోహానెస్ వి. యెన్సెన్ ‘ది ఫాల్ ఆఫ్ ది కింగ్’ని 1999లో రెండు పెద్ద డేనిష్ పత్రికల పాఠకులు వేర్వేరుగా ఇరవయ్యో శతాబ్దపు అత్యుత్తమ డేనిష్ నవలగా ఎంచారు. పదహారో శతాబ్దపు రాజు రెండో క్రిస్టియన్, ఏ నిర్ణయమూ తీసుకోలేక ఒక రాత్రంతా సముద్రపు పాయ మీద పడవలో ఇటూ అటూ తిరిగే దృశ్యం అందులోదే. చరిత్ర తెలియకపోతే కొంచెం తికమక పెడుతుంది.

ఇక టోవె డిట్లెవ్‌సెన్. డేనిష్ సాహిత్యంలో ఒక్క పుస్తకం చెప్పమంటే ఇవాళ ఎక్కువమంది చెప్పేది ఆమె ‘కోపెన్‌హాగెన్ ట్రిలజీ’, ఈ ఒక్కసారి ఎక్కువమంది చెప్పేదే సరైనది. 1917లో వెస్టర్‌బ్రో అనే కార్మికవాడలో పుట్టింది, తండ్రి బాయిలర్ దగ్గర బొగ్గు వేసే మనిషి, సోషలిస్టు, ఇంట్లో పుస్తకాలున్నవాడు. కవిని అవుతానని కూతురు అంటే ఆడపిల్లలు కవులు కాలేరన్నాడు. ఊరు, పాస్టరు, లాటిన్ పంతులు, ఎవరో పైవాళ్ళు అడ్డం పడటం మామూలే, ఇక్కడ అడ్డం పడింది విప్లవం కోరుకునే తండ్రి. మొదటి రెండు భాగాలు 1967లో, మూడోది 1971లో వచ్చాయి. బాల్యం, యౌవనం, తర్వాత పెళ్ళిళ్ళూ మత్తుమందూ. తర్వాత భర్త అయిన డాక్టరు ఇచ్చిన ఇంజెక్షన్‌తో మొదలైన వ్యసనాన్ని ఆమె రాసిన తీరులో ఎక్కడా జాలి అడగదు, ఎవరినీ తిట్టదు, బాల్యాన్ని శవపేటికతో పోల్చే వాక్యం కూడా మామూలుగా అంటూ వెళ్ళిపోతుంది. బతికున్నంత కాలం పాఠకులు నెత్తిన పెట్టుకున్నారు, వారపత్రికలో పాఠకుల కష్టాలకి జవాబులిచ్చే శీర్షిక కూడా నడిపింది; పండితులు మాత్రం ఆడవాళ్ళ రాతలు అని పక్కన పెట్టారు. 2004లో డేనిష్ బడుల కోసం తప్పనిసరిగా చదవాల్సిన రచయితల జాబితా తయారైతే అందులో ఉన్న స్త్రీ ఒక్కతే, కారెన్ బ్లిక్సెన్. డిట్లెవ్‌సెన్‌కి చోటు దొరకలేదు. 2019లో పెంగ్విన్ మూడు భాగాలూ వేశాక ప్రపంచం వెనక్కి తిరిగి చూసింది.

ఆ జాబితాలో చోటు దొరికిన బ్లిక్సెన్‌ది వేరే అంతస్తు, వేరే భాష కూడా. 1934లో ‘సెవెన్ గోథిక్ టేల్స్’ని ఐజాక్ దినెసెన్ అనే పేరుతో ముందు ఇంగ్లీషులోనే రాసింది. 1937 నాటి ‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’ వాక్యాల అందం కోసం ఎంతమంది మెచ్చుకున్నారో, కెన్యా మనుషుల్ని అడవి జంతువులతో కలిపి చూసే చూపు కోసం కెన్యా రచయిత ఎన్గూగి వా థియోంగో అంత గట్టిగా విమర్శించాడు, ఆ విమర్శ తెలిసి చదవడం మంచిది. ఆమె దగ్గర మొదలు ‘బాబెట్స్ ఫీస్ట్’ అనే పెద్దకథ. పారిస్ కమ్యూన్ అనే 1871 నాటి తిరుగుబాటు అణచివేత నుంచి పారిపోయి వచ్చిన వంటమనిషి, తిండిలో రుచి కూడా పాపమే అనుకునే భక్తుల ఊళ్ళో పన్నెండేళ్ళు పనిమనిషిగా ఉండి, లాటరీలో వచ్చిన పదివేల ఫ్రాంకులూ ఒక్క విందుకి ఖర్చుపెడుతుంది. యాంటె ఊళ్ళో ఒక గొప్ప కళాకారిణి ఉంటే ఏం చేస్తుందంటే, వండుతుంది. 1987 సినిమా ఆస్కార్ తెచ్చుకుంది, కథని నార్వే నుంచి యూట్లాండ్‌కి మార్చింది, బాగుంటుంది.

పైకి రావాలనుకున్నది మనుషులే కాదు, ఆ దేశం కూడా, ఇక్కడే మన తీరం తగులుతుంది. 1620లో డేనిష్ నౌకలు తమిళ తీరంలోని తరంగంబాడికి (వాళ్ళ నోట ట్రాంకెబార్) వచ్చి ఒప్పందం చేసుకున్నది తంజావూరు రఘునాథ నాయకుడితో, తెలుగులో కావ్యాలు రాసిన ఆ రాజుతోనే. అక్కడి డేనిష్ రాజు క్రైస్తవ మిషన్‌లో పనిచేసిన జర్మన్ బెంజమిన్ షుల్ట్‌జె తెలుగు నేర్చుకుని, 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలెలో అచ్చు వేయించిన పుస్తకాలనే తెలుగులో మొదటి అచ్చు పుస్తకాలుగా చెబుతారు. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అచ్చైన, బెంగాల్లోని సీరాంపూర్ కూడా డేనిష్ స్థావరమే. 1845లో రెండు ఊళ్ళనీ బ్రిటిష్‌వాళ్ళకి అమ్మేశారు. ఈ వైపు ఆసక్తి ఉంటే ఎస్తర్ ఫీల్, ఎ.ఆర్. వెంకటాచలపతి కలిసి సంపాదకత్వం వహించిన ‘బియాండ్ ట్రాంకెబార్’ ఉంది, పండితుల పుస్తకమే గానీ వ్యాసాలు విడివిడిగా చదువుకోవచ్చు. కథలా చదవాలంటే థోర్కిల్డ్ హాన్సెన్ ‘అరేబియా ఫెలిక్స్’. 1761లో యెమెన్‌కి బయల్దేరిన డేనిష్ రాజు పరిశోధక బృందంలో ఒకరితో ఒకరికి పడదు, ఒక్కొక్కరే జ్వరాలతో పోతారు, డాక్టరు బొంబాయి చేరి అక్కడ పోతాడు, 1767కి తిరిగి ఇల్లు చేరింది ఒక్క కార్స్టెన్ నీబూర్. అందరికంటే తక్కువ హడావిడి చేసినవాడు. హాన్సెనే తర్వాత బానిస వ్యాపారం మీద మూడు సంపుటాలు రాసి, బానిస రవాణాని అందరికంటే ముందు నిషేధించింది మేమే అని చెప్పుకునే డెన్మార్క్‌కి అంతకు ముందు జరిగిందంతా గుర్తుచేశాడు. గ్రీన్‌లాండ్ విషయంలో ఆ పని నవలలు చేశాయి. పీటర్ హోగ్ 1992 నవల ‘స్మిల్లా’ హత్యా పరిశోధనలా మొదలై, గ్రీన్‌లాండ్ తల్లికీ డేనిష్ డాక్టరుకీ పుట్టిన మనిషి కోపంగా మారుతుంది, చివరి మూడో వంతు కాస్త తప్పిపోయినా సరే చదవాల్సిందే.

ఇండియా పేరు చూసి కార్ల్ గెల్లెరుప్ ‘ది పిల్గ్రిమ్ కామనీత’ని చేతిలోకి తీసుకునేవాళ్ళకి ఒక మాట. 1917లో పోంటోపిడన్‌తో నోబెల్ పంచుకున్నది ఈయనే, బుద్ధుడి కాలంలో ఉజ్జయిని వర్తకుడి కొడుకు, కౌశాంబి అమ్మాయి ప్రేమకథ 1906లో రాశాడు. కుమ్మరి ఇంట్లో బుద్ధుడితోనే రాత్రంతా మాట్లాడి ఆయన బుద్ధుడని గుర్తుపట్టకపోవడం అనే ఎత్తుగడ చాలా బాగుంటుంది. తర్వాత స్వర్గంలో నడిచే సగం ఓపిక పరీక్షిస్తుంది. థాయ్‌లాండ్‌లో మాత్రం దాని అనువాదం క్లాసిక్‌గా నిలిచిపోయింది. ఆ బౌద్ధం ఆయనకి గాల్లోంచి రాలేదు, డేనిష్ భాషావేత్త రాస్ముస్ రాస్క్ 1820లలో సింహళం నుంచి తెచ్చిన పాళీ తాళపత్రాలు కోపెన్‌హాగెన్‌లో ఉన్నాయి, వాటి ఆధారంగా ఫౌస్బోల్ 1855లో ధమ్మపదాన్ని లాటిన్ అనువాదంతో ప్రచురించాడు. ఐరోపాలో పాళీ చదువుకి అది పునాది.

ఇవాళ్టి రచయితల్లో సోల్వై బాల్లె మీద హడావిడి ఎక్కువ. ‘ఆన్ ది కాల్కులేషన్ ఆఫ్ వాల్యూమ్’లో తారా సెల్టర్ అనే పాత పుస్తకాల వ్యాపారి నవంబరు 18లో ఇరుక్కుపోతుంది, రోజూ అదే తేదీ. ఏడు భాగాలుగా తలపెట్టిన నవల, మొదటి మూడు భాగాలకీ 2022లో నార్డిక్ కౌన్సిల్ బహుమతి వచ్చింది. హడావిడికి తగ్గదే, కనీసం మొదటి భాగం. ఓల్గా రౌన్ ‘ది ఎంప్లాయీస్’ అంతరిక్ష నౌకలో పనిచేసే మనుషులూ మనుషుల్లాంటివాళ్ళూ కంపెనీకి ఇచ్చిన వాంగ్మూలాలు, ఐటీ ఉద్యోగం చేసేవాళ్ళకి నవ్వూ టెన్షనూ ఒకేసారి వస్తాయి. కవిత్వంలో ఇంగెర్ క్రిస్టెన్సెన్ 1981 కావ్యం ‘ఆల్ఫాబెట్’: ఒక్కో ఖండిక ఒక్కో అక్షరంతో, పంక్తులు 1, 2, 3, 5, 8 అంటూ ఫిబొనాచి లెక్కలో (ముందు రెండు అంకెల్ని కూడితే తర్వాతది) పెరుగుతాయి, ఆప్రికాట్ చెట్లు ఉన్నాయి అని మొదలై అణుబాంబు కూడా ఉంది అనే దాకా వెళ్తుంది. యాహ్యా హసన్ 2013లో పద్దెనిమిదేళ్ళకి తన పేరునే పుస్తకానికి పెట్టి, మొత్తం పెద్దక్షరాల్లో అచ్చు వేయించిన కవితలు లక్ష కాపీలు దాటాయి. పాలస్తీనా శరణార్థుల కొడుకు. తండ్రి దెబ్బల మీదా, వాడ మీదా, సంక్షేమ రాజ్యం మీదా ఒకే గొంతుతో అరిచాడు, అన్ని పక్షాలూ అతని కవితల్ని తమకి కావలసినట్టు వాడుకున్నాయి. 2020లో, ఇరవై నాలుగేళ్ళకే చనిపోయాడు.

భాషే నేర్చుకోవాలనుకునేవాళ్ళకి ముందే చెప్పాల్సింది, డేనిష్ చదవడం తేలిక, వినడం నరకం. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి వ్యాకరణం పెద్దగా అడ్డం రాదు. కానీ రాసిందంతా పలికే తెలుగు అలవాటుతో వెళ్తే సగం హల్లులు ఏమైపోయాయో అర్థం కాదు, అచ్చులు లెక్కకు మించి ఉంటాయి, మాట మధ్యలో గొంతు బిగించి వదిలే ఒక నొక్కు అర్థాన్నే మార్చేస్తుంది. డేనిష్ పసిపిల్లలు కూడా మొదట్లో పక్క దేశాల పిల్లలకంటే నెమ్మదిగా మాటలు నేర్చుకుంటారని పరిశోధనలు చెబుతున్నాయి. యాభై నుంచి తొంభై దాకా అంకెలు ఇరవైల లెక్కలో నడుస్తాయి, తొంభై అంటే నాలుగున్నర ఇరవైలు. అందుకని ఆడియో లేని పుస్తకం కొనకండి. వ్యాకరణానికి రాబిన్ అలన్, ఫిలిప్ హోమ్స్, టామ్ లుండ్‌స్కెర్ నీల్సెన్ కలిసి రాసిన ‘డేనిష్: ఆన్ ఎసెన్షియల్ గ్రామర్’ సరిపోతుంది, వాళ్ళదే ఇంకా లావు పుస్తకం ఉంది గానీ అది తర్వాత. ‘ఆర్డ్‌నెట్’ అనే సైట్లో పెద్ద నిఘంటువు ఉచితం, మాటల ఉచ్చారణ కూడా వినిపిస్తుంది. మొదటి డేనిష్ పుస్తకంగా ఆండర్సన్‌ని పెట్టుకోవడం మామూలుగా అందరూ చేసే పొరపాటు, అది దాదాపు రెండొందల ఏళ్ళ నాటి భాష, 1948 సంస్కరణకి ముందు నామవాచకాలన్నీ పెద్దక్షరాలతో రాసేవాళ్ళు, అక్షరక్రమం కూడా వేరు. దాని బదులు హెల్లె హెల్లె నవల ఏదైనా తీసుకోండి. బస్సెక్కడం, టీ పెట్టుకోవడం, ఫోన్ ఎత్తకపోవడం, అన్నీ చిన్న వాక్యాలు, రోజువారీ మాటలు. ఆ పాత్ర చెప్పకుండా దాస్తున్నదేమిటో పట్టుకోవడానికి మాత్రం రెండోసారి చదవాల్సి వస్తుంది, భాష నేర్చుకునేవాళ్ళకి ఎలాగూ అదే కావాలి.